మా ఆయన పేజ్‌మేకర్ వదలరు, మావాడు లినక్స్ అంటాడు, మధ్యలో షాపు ఏమైపోవాలి?

తెనాలి వైపు నుంచి ఒకావిడ రాశారు. పేరు, ఊరు వేయొద్దన్నారు, వేయట్లేదు. ఉత్తరం చాలా పెద్దది, అందుకే అందులో ముఖ్యమైన సంగతులు ముందు చెప్పేస్తాను.

ఆవిడా, వాళ్ళాయనా కలిసి 22 ఏళ్ళుగా డీటీపీ, జిరాక్స్ షాపు నడుపుతున్నారు. ఆయన అంతకుముందు ప్రెస్సులో కంపోజింగ్ చేసిన మనిషి. శుభలేఖలు, దినకర్మ కార్డులు, స్కూళ్ళ క్వశ్చన్ పేపర్లు, చుట్టుపక్కల ఊళ్ళ కవుల పుస్తకాలు, అన్నీ పేజ్‌మేకర్ అనే పేజీలు పెట్టే ప్రోగ్రాంలో, అను అనే తెలుగు ఫాంట్లలోనే. ఆవిడ కౌంటర్ దగ్గర ఆన్‌లైన్ అప్లికేషన్లు, హాల్ టికెట్లు, పాన్ కార్డులు, ప్రింట్లు చూసుకుంటారు. మూడు సిస్టంలు, మూడిట్లోనూ విండోస్ 10. రెండు బాగా పాతవి, ఒకటి 2020లో కొన్నారు. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి సపోర్ట్ అయిపోయిందని స్క్రీన్ మీద మెసేజ్‌లు రావడం మొదలైంది. సిస్టంలు చూసే కుర్రాడు వచ్చి, మూడూ పనికిరావు, కొత్తవి తీసుకోండి, లక్షా ఇరవై వేలు అవుతుంది, లేదంటే ఒక్కోదానికి ఐదొందలు ఇవ్వండి క్రాక్‌తో, అంటే లైసెన్సు లేకుండా, విండోస్ 11 ఎక్కించేస్తా అన్నాడు. ఆవిడ మెళ్ళో గొలుసు తాకట్టు పెడదామా అని ఆలోచిస్తున్నారు.

ఈలోపు బీటెక్ మూడో ఏడు చదువుతున్న కొడుకు సెలవులకొచ్చాడు. కాలేజీలో ఫ్రీ సాఫ్ట్‌వేర్ క్లబ్బులో తిరుగుతాడట, ఎవరైనా వాడుకుని మార్చుకోగలిగే సాఫ్ట్‌వేర్ ఉండాలనేవాళ్ళది. ఒక రాత్రి ఎవరినీ అడక్కుండా వాళ్ళ నాన్న కూర్చునే సిస్టం ఫార్మాట్ కొట్టి లినక్స్ మింట్ వేశాడు, విండోస్ బదులు ఉచితంగా దొరికే సిస్టం అది. ఫైళ్ళన్నీ ముందే ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేశాడు, ఏదీ పోలేదు. కానీ పొద్దున్నే వాళ్ళ నాన్న వచ్చి, రిటైరైన ఒక తెలుగు మాస్టారి పద్యాల పుస్తకం, 200 పేజీలు, ఆ వారంలోనే ప్రెస్సుకెళ్ళాల్సింది, తెరిస్తే తెలుగు లేదు, ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు కలగాపులగంగా కనపడ్డాయి. ప్రింటర్ కూడా పనిచేయలేదు. ఇద్దరికీ మాటామాటా పెరిగింది. "ఇరవై ఏళ్ళ నుంచి నువ్వు ఒక కంపెనీకి బానిసవి నాన్నా" అన్నాడు కొడుకు. ఆయన చెయ్యెత్తారు. వాడు హాస్టల్‌కి వెళ్ళిపోయాడు, ఫోన్ ఎత్తట్లేదు. మాస్టారి పుస్తకం ఇంకో సిస్టంలో ఎలాగో పూర్తి చేసి పంపారు.

చివర్లో ఆవిడ రాసిన మాట ఇది: "నిజం చెప్పాలంటే ఆ లినక్స్ సిస్టం నాకు నచ్చిందండీ, స్పీడుగా ఉంది, అప్లికేషన్లన్నీ అందులో అవుతున్నాయి. కానీ ఆ మాట మా ఆయన దగ్గర అనలేను. కొత్తవి కొనాలా, వాడు చెప్పింది వినాలా, ఈయన చెప్పింది వినాలా?"

అమ్మా, మీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా పట్టుకున్నది ఆ చివరి మాటే. షాపులో సగం పని మీది, కౌంటర్ మీది, గొలుసు మీది, కానీ మీకేం కావాలో ఇంట్లో ఇద్దరిలో ఒక్కరూ అడగలేదు. ముందు ఆ ఒక్క సంగతి మనసులో పెట్టుకుని మిగతాది చదవండి.

నేను కూడా కొన్నేళ్ళు డీటీపీ సెంటర్లో మేటర్ కొట్టిన మనిషినే, కాబట్టి మీవారి కోపం నాకు బాగా తెలుసు. ఆయన చేతివేళ్ళలో ఇరవై రెండేళ్ళ పని ఉంది, కీబోర్డు వైపు చూడకుండా పద్యం కొట్టేస్తారు, ఏ పేజీకి ఎంత మార్జిన్ వదలాలో కొలవకుండా చెప్తారు. ఆ మనిషిని పట్టుకుని బానిస అనడం తప్పు, మీ బాబు ఆ మాట వెనక్కి తీసుకోవాలి. అలాగే మీ బాబు పిచ్చోడూ కాదు, ఒకే కంపెనీ మీద ఆధారపడితే ఏమవుతుందోనన్న వాడి భయంలో నిజం ఉంది. వాడు చేసిన పొరపాటు ఏంటంటే, ఏ సాఫ్ట్‌వేర్ వాడాలో మనిషి తనే ఎంచుకోవాలి అనే సిద్ధాంతాన్ని నమ్మి, ఆ ఎంచుకునే అవకాశమే వాళ్ళ నాన్నకి ఇవ్వకుండా రాత్రికి రాత్రి పని చేసేశాడు. అడిగి చేసుంటే మీరు నాకు ఈ ఉత్తరం రాసేవారే కాదు.

ఇప్పుడు ఆ పొద్దున అసలేం జరిగిందో చెప్తాను, ఎందుకంటే అక్కడ లినక్స్ తప్పు చాలా తక్కువ. అను ఫాంట్లలో కొట్టిన మేటర్ కంప్యూటర్ లెక్కలో తెలుగు కాదు. లోపల ఉండేవి ఇంగ్లీషు కోడ్‌లే, ఆ కోడ్‌ల మీద తెలుగు అక్షరాల బొమ్మలు అతికించి ఉంటాయి ఫాంటులో. ఆ ఫాంటు ఉన్న సిస్టంలో తెలుగు, లేని సిస్టంలో గజిబిజి. మీవారు కొత్త విండోస్ 11 సిస్టం కొని అందులో అను వేయకుండా ఆ ఫైలు తెరిచినా అచ్చం ఇదే కనపడేది. అంటే ఇరవై రెండేళ్ళ మీ పని, ఆ శుభలేఖలూ, ఆ పద్యాలూ అన్నీ రెండు తాళాల వెనక ఉన్నాయి, ఒకటి ఫాంటు, రెండోది పేజ్‌మేకర్ ఫైలు. పేజ్‌మేకర్‌ని 1985లో ఆల్డస్ అనే కంపెనీ తెచ్చింది, 1994లో ఆ కంపెనీని అడోబీ కొనుక్కుంది, 2001లో 7.0 వచ్చింది, ఆ తర్వాత ఇంక పెద్ద వెర్షన్ రాలేదు, వాళ్ళంతా ఇన్‌డిజైన్ అనే తమ ఇంకో ప్రోగ్రాం వైపు వెళ్ళిపోయారు. ఆ ఇన్‌డిజైన్ కూడా పేజ్‌మేకర్ ఫైళ్ళని సీఎస్6 వెర్షన్ దాకానే తెరుస్తుంది, తర్వాతి వాటిలో తెరవదు. ఇరవై ఏళ్ళుగా ఎవరూ రిపేరు చేయని బండి మీద ఇన్ని వేల పేజీలు ఎక్కించి ఉంచాం మనం, మీవారొక్కరే కాదు, తెలుగు ప్రింటింగ్ సగం అలాగే నడిచింది.

అందుకే నేను చెప్పేది, విండోసా లినక్సా అన్న గొడవ కాసేపు పక్కన పెట్టి ముందు మీ ఫైళ్ళ సంగతి చూడండి. ఫైలు మీ చేతిలో ఉంటే ఏ సిస్టం అయినా పర్వాలేదు, రేపు ఇంకోటి మార్చుకోవచ్చు. ఫైలే చేతిలో లేకపోతే మీరు ఏది ఎంచుకున్నా అది ఎంపిక కాదు.

ఇక డబ్బు సంగతి. గొలుసు జోలికి ఇప్పుడే వెళ్ళొద్దు. మూడూ పనికిరావన్న మాట నేను వెంటనే నమ్మను. విండోస్ 11కి మామూలుగా ఇంటెల్ అయితే 8వ జనరేషన్ లేదా ఆ తర్వాతి ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్, టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ భాగం కావాలి. 2020లో కొన్న మీ సిస్టంకి ఇవన్నీ ఉండే అవకాశం బాగానే ఉంది. చాలా సిస్టంలలో టీపీఎం ఉండి కూడా బయోస్‌లో, అంటే సిస్టం ఆన్ చేయగానే వచ్చే సెట్టింగుల్లో, ఆఫ్ చేసి ఉంటుంది, ఇంటెల్ బోర్డుల్లో దాన్ని పీటీటీ అని రాస్తారు, అది ఆన్ చేస్తే చాలు. మైక్రోసాఫ్ట్ వాళ్ళదే పీసీ హెల్త్ చెక్ అని ఉచితంగా దొరికే ప్రోగ్రాం ఉంది, అది రన్ చేస్తే నిమిషంలో చెప్పేస్తుంది. అది పాసైతే, విండోస్ 10 ఒరిజినల్ లైసెన్సుదైతే విండోస్ 11 పైసా లేకుండా వస్తుంది. అప్పుడు మీ లక్షా ఇరవై వేల లెక్కలో మూడో వంతు అక్కడే తగ్గిపోయింది.

పాతవాటిలో ఒకదాన్ని విండోస్ 10తోనే ఉంచాలనుకుంటే దానికీ దారుంది. 2026 అక్టోబర్ 13 వరకు సెక్యూరిటీ అప్‌డేట్లు పొడిగించుకోవచ్చు, సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్ దగ్గరే చేరే లింకు ఉంటుంది, 30 డాలర్లు కట్టొచ్చు లేదా మైక్రోసాఫ్ట్ అకౌంటుతో లాగిన్ అయ్యి సెట్టింగ్స్ వాళ్ళ దగ్గర బ్యాకప్ పెడితే డబ్బు లేకుండానే ఇస్తారు. కానీ ఊరికే కాదు, మీ సిస్టం సెట్టింగ్స్ వాళ్ళ దగ్గరకి వెళ్తాయి, ఆ సంగతి తెలిసి ఒప్పుకోండి. పైగా అది గడువు పెంచడమే తప్ప సమస్య తీరడం కాదు.

ఆ ఐదొందల క్రాక్ సంగతి మాత్రం కొంచెం గట్టిగా చెప్పాలి. వద్దు. కాపీరైట్ చట్టంలో 63బి సెక్షన్ అని ఉంది, దొంగ కాపీ అని తెలిసి కంప్యూటర్‌లో వాడితే 7 రోజుల నుంచి 3 ఏళ్ళ దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా. వ్యాపార లాభానికి కాదని తేలితే కోర్టు జైలు లేకుండా వదిలే వీలుంది గానీ మీది షాపు, అది వ్యాపారమే కదా. చట్టం సంగతి అటుంచండి, మీ కౌంటర్ మీదకి రోజుకి ఎంతమంది ఆధార్లు, పాన్‌లు, బ్యాంకు పాస్‌బుక్కులు వస్తాయి? ఆ క్రాక్ ఫైలు ఎవడు తయారు చేశాడో, అందులో ఇంకేం పెట్టాడో ఎవరికీ తెలీదు. ఊళ్ళో జనం మీ మీద నమ్మకంతో కాగితాలు మీ చేతికిస్తున్నారు, మనం దాన్ని ఐదొందలకి పణంగా పెట్టకూడదు. "అందరూ అదే చేస్తున్నారు" అని ఆ కుర్రాడు అంటాడు, నిజమే, అందరూ చేస్తున్నారు, అయినా సరే వద్దు.

ఇప్పుడు లినక్స్. మీకు నచ్చింది అని సిగ్గుపడుతూ రాశారు, సిగ్గెందుకమ్మా. మీ చేతిలో ఆండ్రాయిడ్ ఫోను ఉంటే దాని లోపల గుండెకాయలా ఉన్నది లినక్స్ కెర్నెలే. కేరళ ప్రభుత్వ స్కూళ్ళలో పిల్లలూ టీచర్లూ ఏళ్ళ తరబడి లినక్స్ మీదే పాఠాలు నడుపుతున్నారు. మీరు చేసే పని, ఫైర్‌ఫాక్స్‌లో అప్లికేషన్లు నింపడం, పీడీఎఫ్ ప్రింట్ తీయడం, లిబ్రే ఆఫీస్‌లో బయోడేటా కొట్టడం, వాట్సాప్ వెబ్‌లో వచ్చిన ఫోటో సైజు చేయడం, ఇవన్నీ మింట్‌లో హాయిగా జరుగుతాయి, పాత సిస్టంలో 4 జీబీ ర్యామ్ ఉన్నా నడుస్తుంది. మింట్ 22 అయితే 2029 వరకు అప్‌డేట్లు వస్తాయి.

ఇంకో లాభం ఉంది, ఇది మీవారికి తప్పకుండా చెప్పండి, ఎందుకంటే ఆయనకి వెంటనే అర్థమవుతుంది. జిరాక్స్ షాపుకి పెద్ద శత్రువు కస్టమర్ పెన్‌డ్రైవ్, షార్ట్‌కట్ వైరస్‌తో ఫోల్డర్లన్నీ మాయమైపోవడం మీ షాపులో జరక్కుండా ఉండదు. ఆ వైరస్‌లు విండోస్ కోసం రాసినవి, లినక్స్‌లో పెడితే ఊరికే ఫైళ్ళలా కనపడతాయి తప్ప నడవవు. కాబట్టి బయటి పెన్‌డ్రైవ్ ఏదొచ్చినా ముందు మీ కౌంటర్ లినక్స్ సిస్టంలోనే పెట్టాలి, కావాల్సిన ఫైలు మాత్రమే తీసి లోపలికి పంపాలి, ఈ ఒక్క పద్ధతి పెట్టుకోండి. మీవారి సిస్టం శుభ్రంగా ఉంటుంది.

ఇబ్బందులు కూడా దాచకూడదు. వేలిముద్ర స్కానర్లు, డిజిటల్ సిగ్నేచర్ టోకెన్లు, ట్యాలీ లాంటివి విండోస్‌ని చూసుకుని చేసినవే ఎక్కువ, అలాంటి పని మీ దగ్గర ఉంటే దానికి విండోస్ సిస్టం ఒకటి ఉండి తీరాలి. ప్రింటర్ పనిచేయకపోవడానికి కారణం, తక్కువ ధర లేజర్ ప్రింటర్లు చాలావాటిలో సొంత బుర్ర ఉండదు, పేజీని తయారు చేసే పనంతా కంప్యూటర్‌లోని డ్రైవరే చేయాలి, ఆ డ్రైవర్ కంపెనీ వాళ్ళు లినక్స్‌కి సరిగ్గా ఇవ్వకపోతే అంతే సంగతులు. హెచ్‌పీ వాటికి మాత్రం హెచ్‌పీలిప్ అని ఉంది, చాలా మోడళ్ళు దాంతో నడుస్తాయి. ఇప్పుడున్న ప్రింటర్‌ని విండోస్ సిస్టంకి తగిలించి, నెట్‌వర్క్‌లో పెట్టిన ఒక ఫోల్డర్‌లోకి పీడీఎఫ్ పంపి అక్కడి నుంచి తీసుకుంటే కొత్తది కొనక్కర్లేదు.

ఈ ప్రింటర్ మాట వచ్చింది కాబట్టి చెప్తున్నా, మీ బాబు నమ్మే ఈ ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఉద్యమానికి బీజం పడింది కూడా ప్రింటర్ దగ్గరే. ఎంఐటీ ల్యాబులో రిచర్డ్ స్టాల్‌మన్ పనిచేసే రోజుల్లో లేజర్ ప్రింటర్‌లో పేపర్ ఇరుక్కుంటుంటే, దాన్ని సరిచేద్దామని ప్రోగ్రాం సోర్స్ కోడ్, అంటే ప్రోగ్రాం రాసిన అసలు మేటర్, అడిగితే ఇవ్వనన్నారు. 1983లో ఆయన ఎవరైనా మార్చుకోగలిగే సాఫ్ట్‌వేర్ కోసం గ్నూ ప్రాజెక్టు ప్రకటించడం వెనక ఆ కడుపుమంట ఉంది. నా వస్తువు నేను రిపేరు చేసుకోనివ్వరేంటి అన్న కోపం అది. జిరాక్స్ మెషిన్‌లో పేపర్ ఇరుక్కుంటే మూత తీసి సొంతంగా లాగేసే మీవారికి ఆ కోపం అర్థం కాకుండా ఉండదు. మీ బాబు బానిస అనకుండా ఈ కథ చెప్పుంటే బాగుండేది.

మీవారి పేజ్‌మేకర్‌ని ఇప్పుడు లాక్కోవద్దు. ఒక సిస్టం విండోస్ 10తోనే ఉంచి, ఇంటర్నెట్ పూర్తిగా తీసేసి, అందులో అను, పేజ్‌మేకర్ మాత్రమే ఉంచండి. నెట్ లేని సిస్టంకి అప్‌డేట్లు ఆగిపోయినా ప్రమాదం చాలా తక్కువ. ఆయన పని ఆయన చేసుకుంటారు. కానీ ఆ సిస్టం హార్డ్ డిస్క్ ఏదో ఒక రోజు పోతుంది, బోర్డు పోతుంది, అప్పుడు పాత విండోస్ ఎక్కే సిస్టం దొరక్క వెతుక్కోవాలి. అందుకే ఇది కొన్నేళ్ళ ఏర్పాటు అనుకోండి, ఆ కొన్నేళ్ళలో మెల్లిగా యూనికోడ్‌కి, అంటే ఏ సిస్టంలో తెరిచినా తెలుగు తెలుగుగానే ఉండే పద్ధతికి, వెళ్ళాలి.

యూనికోడ్ అంటే ఆయన ఒప్పుకోరు, ఫాంట్లు బాగోవంటారు, ఆ మాట పదిహేనేళ్ళ క్రితం నిజం. ఇప్పుడు మండలి, రామభద్ర, సూరన్న, పెద్దన, తిమ్మన, గిడుగు, మల్లన్న, ఎన్టీఆర్ ఇలా చాలా తెలుగు ఫాంట్లు ఓపెన్ లైసెన్సుతో ఉచితంగా దొరుకుతున్నాయి, శుభలేఖకైనా పుస్తకానికైనా వ్యాపారానికి వాడుకోవచ్చు. కీబోర్డు మారిపోతుందని భయపడితే, అనులో చాలామంది వాడే యాపిల్ లేఅవుట్ లినక్స్‌లో కూడా ఉంది, ఐబస్ అనే టైపింగ్ ప్రోగ్రాంలో ఎం17ఎన్ అనే భాగం పెట్టుకుంటే తెలుగు కింద కనపడుతుంది. అచ్చుగుద్దినట్టు అనులాగే ఉంటుందనుకోవద్దు, కొన్ని ఒత్తుల దగ్గర చెయ్యి తడబడుతుంది, వారం పది రోజులు విసుగు తప్పదు. పేజీలు పెట్టడానికి స్క్రైబస్ ఉంది, 2024 జనవరిలో వచ్చిన 1.6 వెర్షన్లో తెలుగు ఒత్తులు సరిగ్గా కూర్చుంటాయి, ప్రెస్సు వాళ్ళకి కావాల్సిన నాలుగు రంగుల సీఎంవైకే పీడీఎఫ్ వస్తుంది. పేజ్‌మేకర్ అంత చేతికి అనువుగా ఉండదు, అది నిజం, మొదట ఒక పాంప్లెట్ చేసి చూడమనండి, 200 పేజీల పుస్తకంతో మొదలెడితే విరక్తి పుడుతుంది. నచ్చలేదంటే కొత్త విండోస్ సిస్టంలో యూనికోడ్ పెట్టుకుని ఇన్‌డిజైన్ వాడుకోవచ్చు, నెలనెలా కట్టాలి, అది లెక్క వేసుకోండి. ఏది ఎంచుకున్నా మేటర్ యూనికోడ్‌లో ఉంటే మళ్ళీ మారొచ్చు.

పాత ఫైళ్ళ దగ్గరే మీ ఇద్దరు మగవాళ్ళూ కలిసి కూర్చోవాల్సి వస్తుంది, నాకు దీని మీద ఆశ ఎక్కువ. పేజ్‌మేకర్ ఫైళ్ళని లిబ్రే ఆఫీస్ కొంతవరకు తెరవగలదు, మేటర్ బయటికి తీసి అను నుంచి యూనికోడ్‌కి మార్చే కన్వర్టర్లో వేయొచ్చు. ఆ కంప్యూటర్ పని మీ బాబుకి గంటలో అయ్యే పని. కానీ కన్వర్టర్ తప్పులు చేస్తుంది, అను వెర్షన్ మారితే కోడ్‌లు మారతాయి, ఒత్తులు ఎగిరిపోతాయి, పద్యాల్లో అరసున్న ఉంటుంది, బండి ఱ ఉంటుంది, అవి ఏమయ్యాయో మీ బాబు కనిపెట్టలేడు. గణం తప్పితే పట్టుకునే కన్ను మీవారిది. మాస్టారి పుస్తకమే తీసుకోండి, అచ్చయిపోయింది కాబట్టి ఇప్పుడు తొందర లేదు. యూనికోడ్‌లోకి వచ్చాక మాస్టారు తన పద్యాన్ని ఫోన్లో వెతుక్కోగలరు, అమెరికాలో మనవడికి వాట్సాప్‌లో పంపగలరు, ఇష్టమైతే తెలుగు వికీసోర్స్ అనే ఉచిత ఆన్‌లైన్ గ్రంథాలయంలో పెట్టుకోవచ్చు. ఇప్పుడున్న పీడీఎఫ్‌లో ఒక్క తెలుగు మాట వెతికినా దొరకదు. ఇంకో సంగతి, పాత పుస్తకాలు వేసుకున్నవాళ్ళు మీ ఊళ్ళో ఇంకా ఉంటారు, వాళ్ళకి ఇదే పని డబ్బులకి చేసి పెట్టొచ్చు.

బాబుకి ఫోన్ మీరు చేయండి, ఎత్తకపోతే మెసేజ్ పెట్టండి. నాన్నకి సారీ చెప్పు అని మొదలెట్టొద్దు, వాడు ఇంకా బిగుసుకుంటాడు. "నువ్వు వేసిన సిస్టం మీద నేను పని చేస్తున్నాను, ప్రింటర్ సంగతి చూడాలి, మాస్టారి పుస్తకం యూనికోడ్ చేయాలి, ఎప్పుడొస్తావు" అని అడగండి. వాడొచ్చాక మీవారి పాత సిస్టం సెట్టింగులు వాడి చేతే మళ్ళీ పెట్టించండి, వాడు తీసేసింది వాడే తిరిగి పెట్టడం ఉంది చూశారూ, అందులో సారీ దానంతటదే వచ్చేస్తుంది. మీవారు చెయ్యెత్తిన సంగతి మాత్రం మీరు వదిలేయకండి, ఇరవై ఏళ్ళ కొడుకు మీద చెయ్యెత్తడం తప్పని ఒంటరిగా ఉన్నప్పుడు ఆయనకి చెప్పండి. ఇంట్లో మీ మాట ఆయన వినరని ఉత్తరంలో ఎక్కడా లేదు, అనలేను అన్నారంతే. కౌంటర్ సిస్టం లినక్స్‌లోనే ఉంటుంది, అది నాకు కావాలి అని కూడా అప్పుడే చెప్పేయండి. మిగతా వాటి మీద ఆయన ఏమన్నా అది మాత్రం మీ నిర్ణయమే.

సాయం కావాలంటే హైదరాబాద్‌లో స్వేచ్ఛ అనే ఫ్రీ సాఫ్ట్‌వేర్ సంస్థ వాళ్ళు 2005 నుంచి తెలుగులో ఈ పనులు చేస్తున్నారు, మీ బాబు క్లబ్బు వాళ్ళకి తెలిసే ఉంటుంది.

ఇవన్నీ నెలా రెండు నెలల మీద చేసుకోవచ్చు, కానీ ఒకటి మాత్రం ఆగదు. మీ ఇరవై రెండేళ్ళ ఫైళ్ళూ ఇప్పుడు బాబు కాపీ చేసిన ఆ ఒక్క హార్డ్ డిస్క్‌లోనే ఉన్నాయని రాశారు, అది కింద పడితే అన్నీ పోయినట్టే. ఇవాళ షాపు కట్టేలోపు ఇంకో డిస్క్ కొని, దాని కాపీ తీసి, ఒకటి షాపులో ఒకటి ఇంట్లో పెట్టండి.